బేస్తవారం టీకా, ఆదివారం తీరిక

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులమ్మగా పనిచేసి, పదవీ విరమణ తరువాత బెంగళూరు తూర్పు అంచున, కుందలహళ్లి దాపున, కొడుకు ఇంట ఉంటున్న పాఠకురాలిని. మా అపార్టుమెంటు ప్రహరీకి అవతల ఇంకొక పెద్ద కట్టడం లేస్తున్నది. దాని కూలీలు కాపురముండే రేకుల షెడ్లలో తెల్లవారుజామున వినిపించే మాట చాలావరకు తెలుగే. ఆదోని, మంత్రాలయం వైపు నుంచి వచ్చినవారి మాట కొంత, పాలమూరువారిది కొంత, రాయచూరు సరిహద్దు పల్లెల నుంచి వచ్చి తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేవారిది కొంత. ఆ షెడ్లలోని పసిపిల్లలకు టీకాలు ఎందుకు తప్పిపోతున్నాయో దగ్గర నుంచి చూసినదాన్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

వెనుకబడిన పేటలకు ప్రజల భాగస్వామ్యంతో టీకాలు చేర్చాలన్న మాట సభల్లోనూ, ఆసుపత్రుల గోడల మీదా తరచు కనిపిస్తూనే ఉంటుంది. మంచి మాటే. అయితే ఆ భాగస్వాములు ఎవరో పేరు పెట్టి రాసుకుని, వారు చేయవలసిన పని ఏమిటో తేల్చి, దానికి కూలి కట్టి, టీకా వేసే రోజును తల్లుల తీరికను బట్టి మార్చనంత కాలం ఆ మాట గోడ మీదనే ఉండిపోతుందని నా అభిప్రాయం.

మా ప్రాంతంలో టీకాల రోజు గురువారం. మా సీమలో బేస్తవారం అంటాము. ఉదయం పది నుంచి మధ్యాహ్నం దాకా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో టీకాలు ఉచితంగా వేస్తారు. నర్సులు ఓపికగలవారే, మందుకు కొరత ఉన్నట్టు నేను ఎన్నడూ చూడలేదు. కానీ బేస్తవారం పది గంటలకు షెడ్లలోని తల్లి ఎక్కడ ఉంటుంది? ఐదో అంతస్తులో ఇసుక మోస్తూ ఉంటుంది. ఆమెకు తీరిక దొరికేది ఆదివారమే. వారం బటవాడా చేతికొచ్చి, సంతకు పోయి, తలంటి పోసుకునే రోజు అది. ఆ రోజు ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయరు.

కిందటి వానాకాలం ఒక ఆదివారం, మా వీధుల్లో తిరిగే ఆశా కార్యకర్తనూ, ఒక నర్సమ్మనూ బతిమాలి షెడ్ల దగ్గరికే తీసుకువచ్చాము. ఇద్దరూ తమ సెలవు దినాన్ని వదులుకుని వచ్చారు. మా అపార్టుమెంటు క్లబ్బు వరండాను మూడు గంటల పాటు వాడుకోనివ్వమని సంఘం వారిని అంతకు ముందే అడిగాను. నివాసులకు అభ్యంతరాలు ఉండవచ్చునని మర్యాదగానే కాదన్నారు. (అదే వరండాలో 2021లో కుర్చీలు వేసుకుని కూర్చుని కోవిడ్ టీకాలు వేయించుకున్నవారిలో నేనూ ఒకతెను. ఆ సంగతికి మళ్లీ వస్తాను.) చివరికి మేస్త్రి తన సిమెంటు గదిలో బస్తాలు ఒక పక్కకు జరిపించి చోటు చూపించాడు.

మొదట వచ్చినది ఏడాదిన్నర నిండిన ఆడపిల్లను చంకనెత్తుకున్న ఒక తల్లి. తట్టు (మీజిల్స్) సూది వేయించావా అమ్మా అని అడిగాను.

"ఊర్లో రెండు తూర్లు సూదులు ఏపిచ్చినా టీచరమ్మా. అవేం సూదులో నాకు తెలీదు. కార్డు మా అత్త పెట్టెలో ఉండాది."

"బేస్తవారం ఆస్పత్రిలో వేస్తారని తెలియదా?"

"తెలుసమ్మా. బేస్తవారం పోతే ఆ దినం కూలి పాయె. రాత్రికి పాపకు జరమొస్తే శుక్రారం కూలీ పాయె. మేస్త్రి ఊరికే ఉంటాడా?"

ఆ మేస్త్రి అక్కడే నిలబడి ఉన్నాడు. నేల చూపులు చూశాడు. ఊరికి ఫోను చేస్తే అత్తగారు పక్కింటి పిల్లవాడి చేత కార్డును ఫోటో తీయించి పంపింది. ఒక మూల ఎలుక కొరికి ఉన్నా తేదీలు చదవడానికి వీలైంది. ఆరు వారాల సూదులు, పది వారాల సూదులు పడ్డాయి. పద్నాలుగు వారాలకు పడవలసినవి పడలేదు. తొమ్మిది నెలలు నిండాక వేయవలసిన తట్టు, రుబెల్లా టీకా సంగతి సరే సరి. అంటే తల్లి టీకాను కాదన్నది లేదు, ఊళ్లో ఉన్నంతకాలం వేళకు వేయించింది. రైలెక్కిన రోజు నుంచి ఆ వరుస తెగిపోయింది.

టీకాలు వేసే పద్ధతిని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. నర్సమ్మ మూత తీసిన పెట్టెలో నాలుగు పక్కలా నాలుగు ఐస్ ప్యాకులు ఉన్నాయి. ఫ్రీజర్ నుంచి తీసినవాటిని తీసినట్టే పెట్టెలో సర్దరట. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే పెడతారు, లేకపోతే కొన్ని టీకాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. సీసా మీద వృత్తంలో ఒక చిన్న చతురస్రం ఉంటుంది. మందుకు వేడి తగిలినకొద్దీ ఆ చతురస్రం నల్లబడుతుంది, చుట్టూ ఉన్న వృత్తంతో సమానమైన రంగుకు వచ్చిందంటే ఆ సీసాను పారేయవలసిందే. తట్టు టీకా పొడి రూపంలో వస్తుంది, నీరు కలిపిన తరువాత నాలుగు గంటలే ఆయుష్షు. ఒక సీసాలో ఐదో పదో డోసులుంటాయి. ఒక్క పిల్ల కోసం సీసా తెరిస్తే మిగిలినదంతా వృథా. షెడ్ల పిల్లలందరూ ఒక పూట ఒక చోట చేరితే ఆ వృథా ఉండదు. కేంద్రంలో కూర్చుని ఒక్కొక్క తల్లి కోసం ఎదురు చూడటం కన్నా షెడ్లకు రావడమే ఖజానాకూ లాభం.

టీకా వేశాక తల్లికి తప్పక చెప్పవలసిన మాటలు నాలుగున్నాయని నర్సమ్మ చెప్పింది. ఈ రోజు ఏ టీకా వేశాము, అది ఏ జబ్బును ఆపుతుంది. తరువాత ఎప్పుడు, ఎక్కడికి రావాలి. జ్వరం గానీ వాపు గానీ వస్తే ఏం చేయాలి. కార్డును జాగ్రత్తగా దాచి మళ్లీ వెంట తేవాలి. ఆ నాలుగు మాటలనూ ఆమె ఆ తల్లికి చక్కని కన్నడంలో విడమరచి చెప్పింది. తల్లి అన్నింటికీ తల ఊపింది. అరగంట సేపు అక్కడే కూర్చోమంటే కూర్చుంది. నర్సమ్మ ఇంకొక బిడ్డ వైపు తిరగగానే నా కొంగు పట్టుకుని "ఏమన్న్యాదమ్మా ఆయమ్మ?" అని మెల్లగా అడిగింది.

భాగస్వామ్యం అన్న మాటకు నాకు అర్థం బోధపడింది ఆ ప్రశ్నతోనే. ఆ నాలుగు మాటలు తెలుగులో చెప్పగలిగిన మనిషి ఒకరు అక్కడ ఉండాలి. రాత్రి బిడ్డకు ఒళ్లు కాలిపోతుంటే, అది టీకా వల్ల వచ్చిన జ్వరమే, సిస్టరు ఇచ్చిన సిరప్ పట్టు, భయం లేదు అని పక్క షెడ్డు నుంచి చెప్పగలిగిన మనిషై ఉండాలి. నేను సాయంత్రం ఆరింటికి ప్రహరీ గేటు దాటి ఇంటికి వచ్చేస్తాను కనుక ఆ పనికి పనికిరాను. షెడ్లలోనే ఉండే, నలుగురూ అక్కా అని పిలిచే ఒక నడివయసు స్త్రీ పనికివస్తుంది.

తట్టు విషయంలో ఈ తొందర ఎందుకంటే, ఆ జబ్బు అంటినంత సులువుగా మరొకటి అంటదు. టీకా లేనివారి మధ్య ఒక్క రోగి నుంచి పన్నెండు మంది మొదలు పద్దెనిమిది మంది దాకా అంటుకుంటుందని వైద్యులు లెక్కకడతారు. అది వ్యాపించకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడి ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో అన్ని ప్రాథమిక టీకాలు పడినవారు 2015-16లో 62 శాతం, 2019-21లో 76 శాతం. ఎదుగుదల కాదనలేనిది. కానీ సగటు లెక్క తట్టును ఆపలేదు. నగరంలో నూటికి తొంభై మందికి టీకా పడి, మిగిలిన పదిమందీ పది అడుగుల రేకు గదుల వరుసలో పక్కపక్కనే పడుకుంటే జబ్బుకు అంతకు మించిన అనువు ఏముంటుంది? 2022 చివర ముంబయిలో గోవండి వంటి కిక్కిరిసిన పేటల్లో తట్టు ప్రబలి పిల్లలు చనిపోయిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడు మొదలైన చోట్ల తట్టు, రుబెల్లా టీకాను తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు పెద్ద ఎత్తున వేసినప్పుడు ఆ పని ప్రధానంగా బడుల ద్వారా జరిగింది. బడి పిల్లలకు బడి ఉంది. బడి గడప తొక్కని షెడ్ల పిల్లలకు అటువంటి తావు ఏదో మనం ఇంకా తేల్చుకోలేదు.

ఇక 2021 సంగతి. ఆ ఏడాది మే 1 నుంచి పద్దెనిమిదేళ్లు నిండినవారందరికీ కోవిడ్ టీకా అన్నారు. నలభై అయిదేళ్ల లోపువారు మాత్రం ముందుగా ప్రభుత్వ వెబ్‌సైటు కోవిన్‌లో పేరు నమోదు చేసుకుని, సమయం ఖరారు చేసుకుని రావాలన్నారు. ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు వీలు కల్పించింది మే 24న. కోవిన్ తెలుగులోకి వచ్చింది జూన్‌లో. ఈలోగా బెంగళూరులోని పెద్ద అపార్టుమెంట్లు ప్రైవేటు ఆసుపత్రులతో ఒప్పందాలు కుదుర్చుకుని ఆవరణల్లోనే శిబిరాలు పెట్టించుకున్నాయి. మా అపార్టుమెంటూ పెట్టించుకుంది. ఆ రెండు రోజులూ ఏర్పాట్లు చూసినవారిని మెచ్చుకోవలసిందే. జాబితా, కుర్చీలు, మంచినీళ్లు, ఒక అంబులెన్సు, అన్నీ సిద్ధం. అంటే జనమే కలిసి టీకాను తమ గడపకు తెచ్చుకోవడం మాకు చేతకాని పని కాదు. ప్రహరీ అవతలివారిని ఆ జాబితాలో చేర్చాలన్న ఆలోచన మాత్రం మాలో ఒక్కరికీ రాలేదు, నాతో సహా.

పోలియో విషయంలో మన దేశం వేరుగా ఆలోచించింది కనుకనే గెలిచింది. 2009లో 741 కేసులు, 2010లో 42, 2011 జనవరి 13న హౌరాలో బయటపడిన ఒక్క పాపతో ఆఖరు. ఆ గెలుపు ఇంటింటికీ తిరిగినవారిది. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద ఒక గుర్తు, ఒక్క బిడ్డ మిగిలిపోయినా ఇంకొక గుర్తు సుద్దతో రాసి, రెండో గుర్తున్న ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లేవారు. ఇటుక బట్టీలు, కట్టడాల చోట్లు, సంచార జాతుల డేరాలు ప్రత్యేకంగా జాబితాకెక్కాయి. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని పేటల్లో తలుపులు మూసుకున్నప్పుడు అక్కడి మసీదుల ఇమాములూ, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వారూ ముందుకు వచ్చి మాట్లాడాక ఆ తలుపులు తెరుచుకున్నాయి. మా చిన్నప్పుడు మశూచి టీకాలవాడు వచ్చే ముందు తలారి ఊరంతా చాటింపు వేసేవాడు. తలారి మాట కనుక మా అవ్వ పిల్లలను దాచకుండా తీసుకువెళ్లింది, టీకాలవాడి మాటైతే వినేది కాదని ఆమే చెప్పేది. ఆ టీకా మచ్చ ఇంకా నా భుజం మీద ఉంది.

మా షెడ్లకు తలారి ఎవరు? మొదట తట్టేది మేస్త్రి. ఎవరి ఇంట పసిబిడ్డ ఉన్నదో, ఎవరు నిన్న వచ్చారో, ఎవరు రేపు పోతారో అతనికి తెలిసినంతగా ఏ రిజిస్టరుకూ తెలియదు. అయితే మేస్త్రిని భాగస్వామిగా చేసుకోవడంలో ఒక చిక్కుంది. కూలి అతని చేతిలో ఉంటుంది కనుక అతను చెప్పినది సలహాగా కాక హుకుంగా వినిపిస్తుంది. భయపడి సూది వేయించుకున్న తల్లి రాత్రి జ్వరం చూసి రెండోసారి రాదు. కాబట్టి మేస్త్రి పని పేర్ల జాబితా ఇవ్వడం, చోటు చూపించడం, టీకా మరునాడు సెలవు పెట్టిన తల్లి కూలి కోయకుండా చూడటం, అంతవరకే ఉండాలి. తల్లులతో మాట్లాడే పని స్త్రీలదిగా ఉండాలి. పక్కనున్న కిరాణా కొట్టు ఆమె, ఆదివారం ప్రార్థనకు షెడ్లవారు పోయే చిన్న చర్చి పాస్టరుగారి భార్య, వలస కూలీల పిల్లల కోసం నడిపే టెంటు బడి ఉంటే అక్కడి పంతులమ్మ, వీరిలో ఎవరైనా కావచ్చు.

నాకు తోచిన ఇంకొక వర్గం పౌరకార్మికులు. ఈ నగరాన్ని ఊడ్చేవారిలో తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు చాలామంది ఉన్నారు. తరాలుగా ఇక్కడే ఉంటున్నందువల్ల వారికి కన్నడం ఎంత వచ్చో తెలుగూ అంతే వచ్చు. ఏ సందులో కొత్త షెడ్డు లేచిందో వారికే ముందుగా తెలుస్తుంది. వారి సాయం తీసుకోవచ్చు. అయితే ఉన్న చాకిరీకి తోడు ఉచితంగా మరొక చాకిరీ అంటగట్టే పనైతే వద్దు. ఈ దేశంలో ప్రజారోగ్యం ఇప్పటికే ఆడవారి చౌక శ్రమ మీద నడుస్తున్నది. 2022 మేలో ఆశా కార్యకర్తలను ప్రపంచ ఆరోగ్య సంస్థ సత్కరించినప్పుడు అందరం సంతోషించాము, వారి పారితోషికం మాట వచ్చేసరికి అందరం మౌనం వహిస్తాము.

డబ్బెక్కడిది అనేవారికి ఒక జవాబు ఉంది. 1996 నాటి చట్టాలు వచ్చినప్పటి నుంచి కట్టడం ఖర్చులో కనీసం ఒక శాతం నిర్మాణ కార్మికుల సంక్షేమానికి సెస్సుగా వసూలవుతున్నది. ఆ చట్టాల్లో ఒకటి, యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లల కోసం గది ఏర్పాటు చేయాలని ఆనాడే చెప్పింది. ఆ గది నిజంగా ఉంటే టీకాలకు సిమెంటు బస్తాలు జరపవలసిన అవసరమే రాదు. నగర పేటల్లో యాభై నుంచి వంద ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలని, దానికి ఏటా 5,000 రూపాయలు ఇవ్వాలని జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ఏనాడో రాసిపెట్టింది. స్థిరంగా ఉండే మురికివాడకు అది సరిపోతుంది. ఏడాదికి లేచిపోయే షెడ్లకు సమితి ఎవరు కడతారు? కట్టడం ఉన్నంతకాలం పక్క పేట సమితిలో షెడ్ల స్త్రీలను ఇద్దరిని చేర్చుకుంటే ఆ లోటు తీరుతుంది.

ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలకూ ఇందులో వంతు ఉంది. సుగ్గి (కోతల కాలం) అయిపోయాక ఏ ఊళ్ల నుంచి ఎన్ని కుటుంబాలు బెంగళూరు రైలెక్కుతాయో ఆ ఊళ్ల ఏఎన్ఎంలకూ అంగన్‌వాడీ టీచర్లకూ తెలియని విషయమేమీ కాదు. బయలుదేరే ముందు కార్డును తల్లి ఫోనులో ఫోటో తీసిపెట్టడం ఎంతసేపు పని? టీకాల వివరాలు దేశమంతటా ఒకే చోట నమోదు చేసే యూ-విన్ వచ్చింది, అది మంచి ఏర్పాటే. అయితే ఆ నమోదు ఫోను నంబరుతో ముడిపడి ఉంటుంది. ఆ నంబరు చాలాసార్లు భర్తది, రీచార్జి అయిపోతే సిమ్మే మారిపోతుంది. ఇక్కడ ఇచ్చే తాయి కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) కన్నడంలో ఉంటుంది. తేదీలు రాసే గడుల పక్కన తెలుగులో, తమిళంలో, హిందీలో ఒక్కొక్క వరుస అచ్చు వేయడం వల్ల కన్నడానికి వచ్చే లోటు లేదు. కన్నడం నేర్చుకోవాలనేది నా మాట కూడా, నేనూ నేర్చుకుంటున్నాను. కానీ పద్నాలుగు వారాల సూది, తల్లి కన్నడం నేర్చుకునేదాకా ఆగదు.

చివరగా ఆదివారం మాట. ప్రతి ఆదివారమూ శిబిరం పెట్టాలని నేను అడగడం లేదు. మొదటి సూదుల మధ్య ఎడం నాలుగు వారాలు. కాబట్టి ఒక్కొక్క షెడ్ల గుంపుకు నెలకు ఒక్క ఆదివారం చాలు. అది నెలలో మొదటిదో రెండోదో ముందే ఖరారు చేసి, ఆరోగ్య కేంద్రం టీకాల ప్రణాళికలో రాసి, వచ్చే నర్సుకు వారం మధ్యలో సెలవు ఇస్తే సరిపోతుంది. ఇప్పుడు జరుగుతున్నది ఒకరిద్దరి మంచితనం మీద ఆధారపడి ఉంది. ఆ నర్సమ్మకు బదిలీ అయితే అంతటితో సరి. నగర పాలన ఐదు కార్పొరేషన్లుగా విడిపోయిన ఈ సమయంలో వార్డుల ఆరోగ్య ప్రణాళికలు ఎలాగూ తిరగరాస్తారు కనుక, కట్టడాల షెడ్లను అందులో చేర్చడానికి ఇదే అదను. అనుమతి కోసం ప్లాను ఇచ్చే బిల్డరు షెడ్ల స్థలాన్నీ, మేస్త్రి నంబరునూ దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి తెలపాలని ఒక్క షరతు పెడితే సగం పని అయినట్టే.

ఆ ఏడాదిన్నర పాపకు అప్పటి నుంచి రెండు ఆదివారాలు టీకాలు పడ్డాయి. బకాయి ఇంకా కొంత ఉంది. ఉగాదికల్లా ఇక్కడి స్లాబు పనులు అయిపోతాయని, షెడ్లు సర్జాపురం వైపు మారతాయని మేస్త్రి మొన్న చెప్పాడు. అక్కడ ఎవరికి చెప్పి పంపాలో ఇక్కడి నర్సమ్మకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ ప్రాంతంలో ఈ పని చేస్తున్న పాఠకులు ఎవరైనా ఉంటే మీ పత్రిక ద్వారా తెలియజేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
కుందలహళ్లి, బెంగళూరు